గృహహింస: కోర్టు గడప తొక్కడం తప్పు కాదు

(జనగామ జిల్లా చిల్పూర్‌లో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలకు, మస్జిద్ కమిటీ బాధ్యులకు, పనులు మానుకొని పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన అక్కచెల్లెళ్ళకు నా సలాం. గృహహింస కేసుల్లో న్యాయస్థానాలు ఏం చేస్తాయి, బాధితురాలికి ఏ విధంగా తోడ్పడతాయి అనే విషయంపై మాట్లాడమని నన్ను కోరారు. సెక్షన్లు వరుసగా చదివి వినిపిస్తే గంటలో పని ముగుస్తుంది. కాని మన ఇళ్ళలో ఈ వ్యవహారం సెక్షన్ల దాకా రావడమే లేదు. అంతకు చాలా ముందే గడప దగ్గర ఆగిపోతున్నది. అందువల్ల ముందు ఆ గడప గురించి మాట్లాడతాను.

పల్లెల్లో మన ఇళ్ళు కొద్ది. ఒక ఇంట్లో కేక వినిపిస్తే అది ఆ ఇంటి గొడవగా ఉండదు, "సాయిబుల గొడవ" అవుతుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్తే ఎవరు ఎట్లా మాట్లాడతారో తెలియదు. ముస్లిం స్త్రీ కష్టం పత్రికలోకి ఎక్కిందంటే మరుసటి రోజు చర్చ ఆమె గాయం మీద జరగదు, మన మతం మీద జరుగుతుంది. 2019లో వచ్చిన చట్టం ఒకేసారి చెప్పే మూడు తలాఖ్‌లను నేరంగా చేసి, మూడేళ్ళ వరకు జైలుశిక్ష పెట్టింది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెల్లదని తేల్చిన మాటకు మళ్ళీ జైలు ఎందుకని మనలో చాలామంది అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదేనని నేనూ అనుకుంటాను. ఇన్ని అనుభవాల తర్వాత మన పెద్దలు కోర్టు పేరు వినగానే జంకితే వారిని నేను తప్పుపట్టను. కాని ఆ జంకుకు మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? రాత్రి దెబ్బలు తిని, తెల్లవారగానే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని పనికి పోయే ఆడబిడ్డ. సముదాయం పరువంతా మోయవలసిన భారం ఆమె ఒక్కదాని నెత్తిన ఎందుకు పెట్టాలి?

ఇది మన ఇళ్ళకు మాత్రమే అంటిన జాడ్యం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడతలో తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ళ వయసుగల వివాహిత స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసను చవిచూశామని చెప్పారు. అన్ని మతాలు, అన్ని కులాలు కలిసిన లెక్క అది. దేశం మొత్తం మీద చూస్తే, శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సాయం కోసం ఎవరినైనా ఆశ్రయించినవారు 14 శాతమే. అంటే మౌనం కూడా అన్ని ఇళ్ళలోనూ ఉన్నది. మన ఇళ్ళలో ఆ మౌనానికి "కౌమ్ పరువు" అనే మరొక తాళం పడుతున్నది.

ఈ నేలకు న్యాయస్థానం కొత్త కాదు. దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెం షేక్ బందగీ పేరు ఈ జిల్లాలో తెలియనివారు ఉండరు. తన కొద్దిపాటి భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో పోరాడిన పేద ముస్లిం రైతు ఆయన. అందుకు ప్రాణమే ఇచ్చాడు. బందగీ కోర్టుకెక్కాడు కాబట్టి మన పరువు పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు, గర్వంగానే తలుచుకుంటున్నాం. భూమి కోసం మగవాడు కోర్టుకు పోతే పౌరుషం, ఒంటి మీది దెబ్బల కోసం ఆడది పోతే బేషరం అనడం ఏ న్యాయం?

ఇక చట్టంలోకి వస్తాను. గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. మన వాళ్ళు దీన్ని 498-ఏ తో కలిపి ఒకటే అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. 498-ఏ 1983లో వచ్చిన క్రిమినల్ సెక్షన్. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. అక్కడ పోలీసులు కేసు నమోదు చేస్తారు, నేరం రుజువైతే శిక్ష పడుతుంది. 2005 చట్టం అట్లా మొదలుకాదు. అది పెళ్ళిని తెంచదు, భర్తను వెంటనే జైలుకు పంపమనదు. కొట్టవద్దు, ఇంట్లో నుండి వెళ్ళగొట్టవద్దు, ఖర్చులకు డబ్బు ఇవ్వు అని మేజిస్ట్రేటు చేత ఉత్తర్వు ఇప్పిస్తుంది. దీని స్వభావం ప్రధానంగా సివిల్ అని 2016లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. "నా కాపురం నాకు కావాలి, కాని ఈ దెబ్బలు వద్దు" అనే స్త్రీకి మన దేశ చట్టాల్లో ఇంతకంటే దగ్గరి దారి లేదు. మన ఇళ్ళలో నూటికి తొంభైమంది అడిగేది అదే మాట అని నా వృత్తి అనుభవంలో నాకనిపిస్తుంది.

హింస అంటే దెబ్బలు మాత్రమే కావు. తిట్లు, అవమానాలు, మగబిడ్డ పుట్టలేదనే దెప్పిపొడుపులు, ఇష్టం లేని లైంగిక చర్యలు, తిండికి బట్టకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు అమ్ముకోవడం, ఆమె కూలి డబ్బు గుంజుకోవడం అన్నీ ఈ చట్టం దృష్టిలో హింసే. జోడే కీ రఖం ఇంకా తేలేదని, బండి ఇప్పించలేదని చేసే వేధింపు కూడా అందులోకి వస్తుంది. మహర్ ఇచ్చి పెళ్ళి చేసుకోవలసిన చోట అబ్బాయికి ఎదురు డబ్బు ఇచ్చే దురాచారం మన నికాహ్‌లలోకి ఎట్లా దూరిందో మరొక సభలో మాట్లాడుకోవాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇది ఎవరి కథా కాదు. పుట్టిల్లు హనుమకొండ వైపు, అత్తిల్లు ఈ మండలంలో ఒక ఊరు. ఇద్దరు పిల్లలు. భర్త లారీ నడుపుతాడు. ఇల్లు మామ పేరు మీద ఉంది. ఒక రాత్రి ఆమెను కొట్టి, పిల్లలతో సహా బయటికి నెట్టి తలుపు వేసుకున్నారు. ఆమె ముందు ఎక్కడికి పోవాలి?

ముందు ఆసుపత్రికి. గాయం మానకముందే ప్రభుత్వ వైద్యుడికి చూపించి, ఎవరు కొట్టారో ఉన్నది ఉన్నట్టుగా చెప్పి చీటీ రాయించుకోవాలి. "మెట్ల మీద జారిపడ్డాను" అని చెప్పి వచ్చిన చీటీ తర్వాత ఆమెకే అడ్డం తిరుగుతుంది. ఆ పైన 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లాలో సఖి కేంద్రం ఉంది. అక్కడ కొద్దిరోజులు తలదాచుకునే చోటు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసలహా ఒకేచోట అందాలన్నది ఆ కేంద్రం ఉద్దేశం. మహిళా శిశు సంక్షేమ శాఖ కింద రక్షణ అధికారి ఉంటారు. ఆమె చెప్పింది విని గృహహింస సంఘటన నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపడం ఆ అధికారి విధి. అది ఉపకారం కాదు. మేజిస్ట్రేటు ఉత్తర్వును తగిన కారణం లేకుండా అమలు చేయని రక్షణ అధికారికే శిక్ష విధించే సెక్షన్ ఈ చట్టంలో ఉంది. కాగితం మీద ఇంత బలమైన ఏర్పాటు ఉన్నా, చాలాచోట్ల ఈ బాధ్యతను వేరే పనులతో సతమతమయ్యే ఒక అధికారి నెత్తిన వేసి ఊరుకున్నారు. అందుకే 2025 మే 20న సుప్రీంకోర్టు, నియామకాలు జరగని చోట జిల్లా, తాలూకా స్థాయిలో ఆరు వారాల్లో రక్షణ అధికారులను గుర్తించి నియమించాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. చట్టం వచ్చిన ఇరవై ఏళ్ళకు ఇట్లా ఆదేశించవలసి వచ్చిందంటే ప్రభుత్వాల శ్రద్ధ ఏపాటిదో మీరే ఆలోచించండి.

ఆ అధికారి దొరకలేదని ఆమె ఆగనక్కరలేదు. తానే నేరుగా మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆమె తరఫున తండ్రి, అన్న, లేదా ఆమె నమ్మిన మరెవరైనా పెట్టవచ్చు. అధికారి నివేదిక లేనంత మాత్రాన దరఖాస్తును కాదనకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. దరఖాస్తు పెట్టడానికి అత్తవారి ఊరి కోర్టుకే పోవాలని లేదు. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటు, అంటే మన ఉదాహరణలో హనుమకొండ పుట్టిల్లు అయినా సరిపోతుంది. వకీలు ఫీజు గురించి బెంగపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తెల్లరేషన్ కార్డు ఉందా అని అడగడానికి వీలులేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ నంబరు 15100.

దరఖాస్తు అందిన తర్వాత సాధారణంగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వేయాలని, ఆ వాయిదా నుండి అరవై రోజుల్లో కేసు ముగించడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఇక్కడ మీకు నిజం చెప్పకపోతే నేను న్యాయవాదిని కాను. అరవై రోజుల్లో ముగిసే కేసులు బహు అరుదు. నోటీసు అందలేదని ఒక వాయిదా, ప్రతివాది వకీలు సమయం అడిగాడని ఒక వాయిదా, మేజిస్ట్రేటు సెలవులో ఉన్నారని మరొకటి. పిల్లవాణ్ణి ఎత్తుకొని ఘన్‌పూర్ మీదుగా బస్సెక్కి జనగామకు వచ్చి, సాయంత్రం దాకా వరండాలో కూర్చొని, తారీఖు రాయించుకొని తిరిగిపోయే స్త్రీకి ఆ రోజు కూలి కూడా పోతుంది. నాలుగు వాయిదాల తర్వాత ఆమె రావడం మానేస్తుందని అవతలివారికి తెలుసు. వారు వేచి ఉండేది దానికోసమే.

దీనికి మందు చట్టంలోనే ఉంది, 23వ సెక్షన్. అసలు దరఖాస్తుతోపాటే మధ్యంతర ఉత్తర్వు కోసం ప్రమాణపత్రం వేయాలి. హింస జరిగిందని, మళ్ళీ జరిగే ప్రమాదం ఉందని ఆ పత్రం మీద నమ్మకం కలిగితే, మేజిస్ట్రేటు అవతలి పక్షం రాకముందే ఏకపక్షంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. మా వృత్తిలోని వారు కొందరు ఈ దరఖాస్తు వేయడంలో అశ్రద్ధ చేస్తారు. మీరు మీ వకీలును అడిగి మరీ వేయించండి. గట్టిగా అడిగితే వకీలు ఏమనుకుంటాడో అని సందేహించవద్దు.

ఆ ఉత్తర్వులో ఏమేమి ఉండవచ్చు? మళ్ళీ కొట్టకూడదు, ఆమె పనిచేసే చోటికి, పిల్లల బడికి వచ్చి అల్లరి చేయకూడదు, ఫోన్ చేసి బెదిరించకూడదు అనేది రక్షణ ఉత్తర్వు. ఆమెను ఇంట్లో నుండి వెళ్ళగొట్టకూడదు, ఇల్లు అమ్మకూడదు, అవసరమైతే భర్తే బయటికి పోవాలి, లేదా అదే స్థాయిలో వేరే ఇల్లు చూపి కిరాయి కట్టాలి అనేది నివాస ఉత్తర్వు. ఇంట్లో నుండి బయటికి పొమ్మనే ఉత్తర్వు స్త్రీ మీద మాత్రం ఇవ్వరాదు, కాబట్టి ముసలి అత్తను వీధిన పడవేస్తారనే భయం అక్కరలేదు. పిల్లల తాత్కాలిక సంరక్షణ, వైద్య ఖర్చులు, నెలనెలా మనోవర్తి, జరిగిన బాధకు పరిహారం, జహేజ్‌లో ఇచ్చిన సామానూ నగలూ తిరిగి ఇప్పించడం అన్నీ ఒకే దరఖాస్తులో అడగవచ్చు. భర్త జీతగాడైతే జీతంలో నుండి నేరుగా చెల్లించమని యజమానిని ఆదేశించే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఉంది. ఉత్తర్వు ప్రతి ఆమెకు ఉచితంగా ఇవ్వాలి.

మన ఉదాహరణలో ఇల్లు మామ పేరు మీద ఉందన్నాను. "ఇల్లు నాది, కొడుకుది కాదు, కోడలికి ఇక్కడ హక్కేమిటి?" అని మామ అంటాడు. 2006లో వచ్చిన ఒక తీర్పు వల్ల పద్నాలుగేళ్ళపాటు ఈ వాదనే నెగ్గుతూ వచ్చింది. 2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ పాత తీర్పును పక్కకు పెట్టింది. ఆ ముగ్గురిలో మన తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఒకరు. కోడలు కాపురం చేసిన ఉమ్మడి ఇల్లు భర్త బంధువు పేరు మీద ఉన్నా, అందులో ఆమె నివాస హక్కు కోరవచ్చునని ఆ తీర్పు సారాంశం. ఇది ఆస్తిలో వాటా కాదు, నెత్తిన నీడ మాత్రమే. భర్త గల్ఫ్‌లో ఉండి, ఇక్కడ అత్తమామలు వెళ్ళగొట్టిన సందర్భాల్లో ఈ తీర్పు ఎంత అవసరమో మన జిల్లాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అత్త, ఆడబిడ్డల మీద కూడా దరఖాస్తు వేయవచ్చునని 2016 అక్టోబరులోనే తేలిపోయింది.

ఇప్పుడు మనవాళ్ళు తప్పక అడిగే ప్రశ్న. "తలాఖ్ ఇచ్చేశాను, ఇక ఆమెకు నాకు సంబంధం ఏమిటి?" కోర్టు నోటీసు అందిన మరునాడే తలాఖ్‌నామా పోస్టులో పంపే భర్తలు ఉన్నారు. దీనికి జవాబు 2014 సెప్టెంబరులో వచ్చింది. ముంబాయి నుండి వెళ్ళిన ఒక ముస్లిం స్త్రీ కేసులో, కాపురం నడిచిన కాలంలో జరిగిన హింసకు బాధ్యత తర్వాత జరిగిన విడాకులతో తుడిచిపెట్టుకుపోదని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు, 2002లోనే, తలాఖ్‌కు సహేతుకమైన కారణం ఉండాలని, దానికి ముందు ఇరువైపుల మధ్యవర్తులతో సయోధ్య ప్రయత్నం జరగాలని, కోర్టులో వేసిన జవాబులో "ఎప్పుడో తలాఖ్ ఇచ్చాను" అని రాసినంత మాత్రాన అది తలాఖ్ కాదని తీర్పు వచ్చింది. ఆ మధ్యవర్తుల నియమం కోర్టు కనిపెట్టింది కాదు. దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 35వ ఆయత్‌లో ఉన్నదే.

మనోవర్తి విషయంలో అత్యంత ముఖ్యమైన తీర్పు మన రాష్ట్రం నుండి వెళ్ళిన కేసులోనే వచ్చింది. ఇక్కడి ఫ్యామిలీ కోర్టు ఒక ముస్లిం భర్తను నెలకు 20,000 రూపాయలు మధ్యంతర మనోవర్తి ఇవ్వమన్నది. హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. అదీ ఇవ్వనని, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 1986 చట్టమే తప్ప 125వ సెక్షన్ వర్తించదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2024 జూలై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ఆ వాదనను తోసిపుచ్చారు. 1986 చట్టం ముస్లిం స్త్రీకి అదనంగా ఒక దారి ఇచ్చిందే గాని ఉన్న దారిని మూసివేయలేదని వారి నిర్ణయం. ఇల్లు చూసుకునే భార్యకు బ్యాంకులో ఉమ్మడి ఖాతా, చేతిలో ఏటీఎం కార్డు ఉండాలని జస్టిస్ నాగరత్న అదే తీర్పులో రాశారు. నాకు ఆ మాట సెక్షన్ల కంటే ఎక్కువ నచ్చింది. ఇప్పుడు ఆ 125వ సెక్షన్ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. అన్నట్టు, మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుండే లెక్కించాలని, భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాల వివరాలతో ప్రమాణపత్రం వేయాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి వాయిదాలతో కాలం గడిపితే మిగిలేది ఏమీ లేదు, బకాయి పెరుగుతుంది.

ఇక కాపురం నిలబడదని తేలినప్పుడు ఏం చేయాలి? భర్త తలాఖ్ ఇవ్వడు, ఖులాకు ఒప్పుకోడు, ఆమెను ఏళ్ళ తరబడి వేలాడదీస్తాడు. 2025 జూన్ 24న మన తెలంగాణ హైకోర్టులో జస్టిస్ మౌషుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావుల ధర్మాసనం ఇటువంటి కేసులోనే తీర్పు చెప్పింది. ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా ఉన్నదని, దానికి భర్త అంగీకారం షరతు కాదని, ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా వంటిదే గాని అది లేకపోతే ఖులా చెల్లదనడానికి లేదని ధర్మాసనం పేర్కొన్నది. కోర్టు చూడవలసింది ఖులా కోరిక నిజంగా వ్యక్తమైందా, సయోధ్య ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇస్తానన్నదా అనేవి మాత్రమే. దానికోసం ఏళ్ళ తరబడి సాక్ష్యాల విచారణ సాగకూడదు.

కొందరు ఉలమాలు ఈ తీర్పుతో ఏకీభవించకపోవచ్చు. హనఫీ ఫిఖ్‌హ్‌లో భర్త అంగీకారం గురించి ఉన్న చర్చ నాకు తెలుసు. ఆ చర్చ సాగవలసిందే. కాని హదీసు గ్రంథాల్లో ఉన్న హబీబా బిన్తె సహల్ ఉదంతాన్ని ఆ చర్చలో మరచిపోకూడదు. భర్త కొట్టి గాయపరచగా ఆమె తెల్లవారుజామున నేరుగా దైవప్రవక్త (స) వద్దకు వచ్చింది. ఆయన ఇంటికి పోయి సర్దుకోమనలేదు. భర్తను పిలిపించి, మహర్‌గా ఇచ్చిన తోటలు తీసుకొని ఆమెను విడిచిపెట్టమన్నారు. ఫిర్యాదు విన్నదీ, తేల్చిందీ ఒక్క సమావేశంలోనే. అరవై రోజులు కూడా పట్టలేదు.

మన ఉలమాలే ఒకప్పుడు స్త్రీల కోసం కోర్టు తలుపు తెరిపించారన్న సంగతి కూడా ఈ తరం వారికి తెలియాలి. 1930లలో పంజాబు ప్రాంతంలో దుర్మార్గులైన భర్తల నుండి బయటపడే దారి లేక కొందరు ముస్లిం స్త్రీలు మతాన్నే వదలుకోవలసి వచ్చింది. అది చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ, మాలికీ ఫిఖ్‌హ్ ఆధారంగా భార్యకు విముక్తి కల్పించే మార్గాన్ని గ్రంథరూపంలో వెలువరించారు. 1936లో ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం అట్లా పుట్టింది. విచారించే న్యాయమూర్తి ముస్లిం అయి ఉండాలన్న నిబంధన మాత్రం చివరికి చట్టంలో నిలవలేదు. అయినా చట్టం నిలిచింది, ఇప్పటికీ అమలులో ఉంది. భర్త అలవాటుగా కొట్టడం, రెండేళ్ళు పోషణ ఇవ్వకపోవడం అందులో భార్య విడాకులు పొందడానికి కారణాలుగా ఉన్నాయి. గృహహింస మీద ప్రత్యేక చట్టాలు మలేసియాలో 1994లో, ఇండోనేసియాలో 2004లో, బంగ్లాదేశ్‌లో 2010లో వచ్చాయి. ఇటువంటి చట్టం మన మీదికి పంపిన ఆయుధం అనుకునేవారు ఆ దేశాల వైపు ఒకసారి చూడాలి.

మస్జిద్ కమిటీల సోదరులతో ఒక మాట. మీరు చేసే సయోధ్యను నేను తక్కువ చేయడం లేదు. అది ఖుర్ఆన్ చెప్పిన పని. మన దారుల్ ఖజాలు చట్టవిరుద్ధమని కూడా ఎవరూ తేల్చలేదు. 2014 జూలై 7న సుప్రీంకోర్టు చెప్పింది ఇంతే: ఫత్వాకు చట్టబలం లేదు, ఇష్టమున్నవారు పాటించవచ్చు, ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదు. మీ కూర్చోబెట్టడాల్లో జరిగేది నేను చాలాసార్లు చూశాను. పెద్దలు మందలిస్తారు, భర్త తల దించుకుంటాడు, ఇకముందు కొట్టనని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి ఇస్తాడు, అందరూ చాయ్ తాగి లేస్తారు. ఆ కాగితాన్ని అతడు మూడు నెలల్లో మీరితే మీరేం చేయగలరు? మళ్ళీ కూర్చోబెడతారు, మరో కాగితం రాయిస్తారు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే అది నేరం. వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చు. ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండు కాగితాలకు తేడా అదే.

అయితే ఆ స్టాంపు కాగితాన్ని పారేయకండి. భార్యను కొట్టానని భర్త తన చేతితో రాసి ఒప్పుకున్న పత్రం అది. కోర్టులో అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. పెద్దలుగా సంతకం చేసిన మీరు పిలిచిన రోజున కోర్టుకు వచ్చి, అవును, మా ముందే రాశాడని చెప్పాలి. చాలా కేసులు ఇక్కడే చెడుతున్నాయి. కూర్చోబెట్టినప్పుడు పదిమంది పెద్దలు ఉంటారు, సాక్ష్యం చెప్పవలసిన రోజు ఒక్కరూ కనిపించరు. "మాకెందుకమ్మా కోర్టు గొడవ" అంటారు. మధ్యవర్తిత్వం మీ హక్కు అయితే సాక్ష్యం చెప్పడం మీ బాధ్యత. సాక్ష్యాన్ని దాచవద్దన్న ఆదేశం మీకు నేను గుర్తుచేయవలసినది కాదు.

కేసు నడుస్తుండగా రాజీ కుదిరితే అభ్యంతరం లేదు. మేజిస్ట్రేటే కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. కాని ఆ రాజీ షరతులు కోర్టు రికార్డులో రాయించండి. నెలకు ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాలో, పిల్లల ఫీజు ఎవరు కడతారు, ఆమె పుట్టింటికి ఎప్పుడు వెళ్ళవచ్చు అనేవి అక్షరాలా ఉండాలి. "ఇద్దరూ అన్యోన్యంగా ఉంటారు" అని రాసిన రాజీపత్రం దేనికీ పనికిరాదు.

అక్కచెల్లెళ్ళు ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. నికాహ్‌నామా ప్రతి ఎక్కడుందో చూసుకోండి. లేకపోతే ఖాజీ కార్యాలయం నుండి నకలు తెప్పించుకోండి. అందులో మహర్ ఎంత రాశారో, అది నగదుగా ఇచ్చారా బాకీ ఉందా చదివించుకోండి. జహేజ్ సామాను జాబితా, నగల రసీదులు, ఆసుపత్రి చీటీలు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఒక సంచిలో వేసి మీకు నమ్మకమున్న చోట, పుట్టింట్లో గాని అక్క ఇంట్లో గాని, ఉంచండి. ఫోన్‌లో బెదిరింపు సందేశాలు వస్తే చెరిపేయకండి. గొడవ లేని ఇళ్ళలో కూడా ఈ కాగితాలు ఉండవలసినవే. ఇళ్ళలో ఆడపిల్లల నికాహ్ చేయబోతున్నవారు మహర్ మొత్తాన్ని, జహేజ్ జాబితాను రాతలో పెట్టించండి. అడిగితే సంబంధం తప్పిపోతుందేమో అనుకుంటారు గాని, ఆ మాత్రానికే తప్పిపోయే సంబంధం పోవడమే మేలు.

జుహర్ నమాజుకు ఇంకా అరగంట ఉందని కమిటీ సోదరులు చెబుతున్నారు. ఆ సమయాన్ని మీ ప్రశ్నలకు వదిలిపెడతాను. పేర్లు, ఊళ్ళు చెప్పనక్కరలేదు. అందరిముందు అడగలేనివారు చీటీ మీద రాసి పంపండి, లేదా తర్వాత నాతో విడిగా మాట్లాడండి. వెనుక వరుసలో కూర్చున్న ఖాలా చాలాసేపటి నుండి చేయి ఎత్తుతున్నారు. ముందు వారి ప్రశ్న విందాం.